పీఆర్వోలకు తీసే గేటు ఐటీఐ వాళ్ళకు తీయరా?

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి తర్వాత చేతిపని నేర్పే ఐటీఐల్లో సీట్లు మిగిలిపోతున్నాయని పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వార్త వేశారు. పిల్లలకు చేతిపని మీద ఆసక్తి తగ్గిందని ఒక అధికారి అన్నట్టు కూడా రాశారు. అది చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. 27 ఏళ్ళు ఫిట్టర్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఆసక్తి లేదంటున్నారు, అసలు పిల్లలకు ఎవరైనా చెప్పారా?

పోయిన జనవరిలో మా ఇంటికి దగ్గర్లోని ఒక ప్రైవేటు స్కూలుకు వెళ్ళాను. పదో తరగతి వాళ్ళతో అరగంట మాట్లాడతానని ముందే ఫోన్ చేసి చెప్పాను. వాచ్‌మన్ గేటు దగ్గర స్టూలు వేశాడు. ముప్పావు గంట అక్కడే కూర్చున్నాను. ఈలోగా పిల్లల్ని చేర్పించుకోవడానికి తిరిగే ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఇద్దరు బైకుల మీద వచ్చి నేరుగా లోపలికి వెళ్ళారు. ఒకతను తిరిగొచ్చేటప్పుడు చేతిలో పిల్లల పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లు రాసిన కాగితాలున్నాయి. షెడ్యూలు రాకముందే అడ్మిషన్లు చేసుకోవద్దని ఇంటర్ బోర్డు చెబుతూనే ఉంటుంది, వినేదెవరు? చివరికి నన్ను పిలిచి "మా పిల్లలు ఐటీఐ బాపతు కాదండీ" అని పంపించేశారు.

బ్యాగులో మా ట్రైనీ చేసిన స్క్వేర్ ఫిట్టింగ్ ఉంది. ఆకురాయితో అరగదీసిన రెండు ఇనుప ముక్కలు. ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాక మధ్యలోంచి వెలుతురు కనపడకూడదు. గేటు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు చూసి అడిగితే చేతికిచ్చాను. ఒకడు ఎండకెత్తి చూసి, "చేత్తోనా సార్?" అని నమ్మలేదు. బెల్లు కొట్టేదాకా ఆ ముక్కలు వదల్లేదు. ఆసక్తి లేదన్న ఆ అధికారి ఆ పూట అక్కడుండాల్సింది.

నేను చెప్పాలనుకున్నది ఎంతో లేదు. వెల్డర్ కోర్సు ఏడాదే, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ళు. రెండేళ్ళ ఐటీఐ చేసినవాళ్ళు ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, ఆ డిప్లొమాతో ఈసెట్ రాసి బీటెక్‌కు పోవచ్చు. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలని, వాళ్ళకు స్టైపెండ్ ఇవ్వాలని అప్రెంటిస్‌ల చట్టం కింద రూలే ఉంది. ఆ చట్టం వచ్చింది 1961లో. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పది పాసై, సరైన ట్రేడులో ఐటీఐ ఉంటే అప్లై చేసుకోవచ్చు. ఈ నాలుగు ముక్కలు తెలియకే ఎంతోమంది తల్లిదండ్రులు అప్పు చేసి మరీ ఎంపీసీలో చేర్పిస్తున్నారు. ఫెయిలైన పిల్లలు ఇంట్లో తలెత్తుకోలేక, ఆ టెన్షన్‌లో ఏం చేసుకుంటారోనని భయపడే ఇళ్ళు నాకు తెలుసు.

మన తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడానికి రూ.2,300 కోట్లకు పైగా పెట్టుబడితో ఒప్పందం చేసుకున్నారు. మంచిదే, సంతోషం. కొత్త మిషన్లు వస్తున్నాయి. కానీ వాటిని పదో తరగతి పిల్లలు ఒక్కసారైనా చూడకపోతే చేరేదెవరు? ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి, కుమ్మరి లాంటి పనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మా వీధి పిల్లల్ని అడిగితే అలాంటి రోజులు ఒక్కటీ ఎరగమన్నారు. మీటింగులు పెడతారు, ఫొటోలు దిగుతారు, బడిలో మాత్రం ఏమీ జరగదు.

ఇంగ్లండ్‌లో స్కూళ్ళు అప్రెంటిస్‌షిప్, వృత్తి శిక్షణ సంస్థల వాళ్ళను లోపలికి రానివ్వాలని 2018లోనే చట్టం అమల్లోకి తెచ్చారు. అది చాల్లేదని 2023 జనవరి నుంచి స్కూలు చదువు ముగిసేలోపు ఆరుసార్లు పిల్లలతో మాట్లాడే అవకాశమివ్వాలని గట్టిగా రాసుకున్నారు. మనకు ఆరు వద్దు, రెండు పీరియడ్లు చాలు. ఒకరోజు దగ్గర్లోని ఐటీఐ వర్క్‌షాపు చూపించాలి. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా అన్ని బడులకూ డీఈఓ ఉత్తర్వు ఇవ్వాలి. అది కూడా దసరా సెలవుల్లోపే రావాలి. స్పెషల్ క్లాసులు మొదలయ్యాక ఏ హెడ్‌మాస్టరూ ఒక్క పీరియడ్ కూడా వదలడు.

- ఒక విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్, హనుమకొండ