లారీ చాటున ఆదా అయ్యేది ఎంత?

సంపాదక మహాశయా,

జాతీయ రహదారుల మీద పెద్ద లారీ వెనుకనే, దానికి బాగా దగ్గరగా కారు నడిపితే పెట్రోలు ఆదా అవుతుందన్న సలహా ఈ మధ్య నగరంలో కార్లున్నవారి మధ్య బాగా వ్యాపిస్తోంది. లీటరు పెట్రోలు ధర నూరు రూపాయలు దాటి ఏళ్లు గడిచిన హైదరాబాదులో ఇటువంటి మాటను శ్రద్ధగా వినేవారు ఉండడం సహజమే. విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దాటాక సిమెంటు లారీల వెనుక మూడు నాలుగు మీటర్ల ఎడంతో, పిల్లలను వెనుక సీటులో కూర్చోబెట్టుకుని వెళ్తున్న కార్లు తరచుగా నా కంటబడుతున్నాయి. చాలాకాలం భౌతికశాస్త్రం బోధించిన దానినిగా, ఈ సలహాలో నిజమెంతో, ఆ నిజానికి చెల్లించవలసిన వెల ఎంతో మీ పత్రిక ద్వారా పాఠకులకు వివరించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సలహా అబద్ధం కాదు. కదిలే లారీ తన ముందున్న గాలిని చీల్చుకుంటూ పోతుంది కనుక దాని వెనుక పీడనం తగ్గి, గాలి సుడులు తిరుగుతూ లారీతోపాటే ముందుకు సాగుతూ ఉంటుంది. ఆ చోటులో నడిచే కారుకు ఎదురుగాలి తక్కువ, కాబట్టి ఇంజను మీద భారమూ తక్కువ. సైకిలు పందాలలో పోటీదారులు ఒకరి వెనుక ఒకరు వరుసగా సాగడానికి కారణం కూడా ఇదే. 2007లో ఒక అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం వారు గంటకు సుమారు 88 కిలోమీటర్ల వేగంతో ఈ విషయాన్ని రోడ్డు మీద పరీక్షించి చూస్తే, లారీకి వంద అడుగుల దూరంలో 11 శాతం, పది అడుగుల దూరంలో 39 శాతం ఇంధనం ఆదా అయింది. ఈ రెండో అంకెనే అందరూ చెప్పుకుంటున్నారు. ఆ వేగంలో పది అడుగులంటే సెకనులో ఎనిమిదో వంతు ప్రయాణమన్న మాటను మాత్రం ఎవరూ చెప్పుకోవడం లేదు.

లారీ కంటే కారు త్వరగా ఆగుతుంది కాబట్టి భయం లేదని కొందరు వాదిస్తారు. ఈ వాదన బ్రేకు పడిన తరువాతి సంగతిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ముందు లారీ గట్టిగా బ్రేకు వేసి, ప్రతి సెకనుకూ తన వేగంలో సెకనుకు 5 మీటర్ల చొప్పున కోల్పోతోందనుకుందాం. దాని ఎర్రదీపాలు వెలగడం చూసి, విషయం గ్రహించి, కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి మామూలు మనిషికి ఒకటిన్నర సెకన్లు పడుతుంది. ఈలోగా రెండు వాహనాల మధ్య దూరం దాదాపు అయిదున్నర మీటర్లు తగ్గిపోతుంది. ఉన్నదే మూడు మీటర్లయినప్పుడు, కారు బ్రేకులు ఎంత మంచివైనా వాటికి పనిచేసే అవకాశమే రాదు. మన లారీలలో కొన్నిటికి వెనుక దీపాలు వెలగవని, వెలిగినా మట్టి పేరుకుని కనబడవని రాత్రిపూట ప్రయాణించిన ప్రతివారికీ తెలుసు.

బ్రేకు కంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఎత్తయిన సీటులో కూర్చున్న లారీ డ్రైవరుకు ముందున్న దారి అంతా కనబడుతుంది. అతని వెనుక దాగిన కారుకు లారీ తలుపులు తప్ప ఏమీ కనబడవు. రోడ్డు అంచున ఇంజను చెడి ఆగిన మరో లారీయో, రోడ్డుకు అడ్డంగా వచ్చిన గేదెల మందో ఎదురైతే, డ్రైవరు ఆఖరి క్షణంలో స్టీరింగు తిప్పి పక్క వరుసలోకి తప్పుకుంటాడు. అప్పటి వరకు తెర వెనుక ఉన్నట్టుగా ఉన్న అడ్డంకి కారు ముందు ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. అంత దగ్గరగా అంటుకుని వచ్చే కారు లారీ అద్దాలలో కనబడదు కాబట్టి, తన వెనుక ఒక కుటుంబం ఉన్నదని కూడా ఆ డ్రైవరుకు తెలియదు, అతనిని తప్పుపట్టడానికీ లేదు. లారీ చక్రాల నడుమ నుంచి సాఫీగా జారిపోయే గుంత కారు చక్రానికి తగలడం, రీట్రెడ్ చేసిన, అంటే అరిగాక పైపొర కొత్తగా అతికించిన, టైరు పొరలు ఊడి అద్దం మీదికి ఎగరడం, కంకర రాళ్లు రాలడం, లారీ పొగ కారులోకి రావడం వంటివి వీటి పక్కన చిన్న విషయాలే.

ఇక ఢీకొంటే ఏమవుతుందన్నది రాయడానికే బాధగా ఉంది. లారీ తొట్టి కారు బానెట్ కంటే ఎత్తులో ఉంటుంది కనుక కారు ముందుభాగం దాని కిందికి దూరిపోయి, తొట్టి అంచు నేరుగా కూర్చున్నవారి తలల ఎత్తున తగులుతుంది. దీనిని ఆపడానికే లారీల వెనుక అడ్డకడ్డీ ఉండాలన్న నిబంధన ఉంది. ఆ కడ్డీ తుప్పు పట్టి, వంగి, కొన్ని లారీలకు పూర్తిగా లేకుండా పోయిన స్థితిని మనం రోజూ చూస్తున్నాం. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. ఆ ఏడాది ప్రమాదాలలో ఐదింట ఒకటికి పైగా వెనుక నుంచి ఢీకొట్టినవే.

మిగిలే డబ్బు ఎంతో కూడా చూద్దాం. ఇక్కడి నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 15 లీటర్లు కావాలి. వంద అడుగుల దూరంలో వచ్చే 11 శాతం చొప్పున దారి పొడవునా ఆదా చేయగలిగినా మిగిలేది లీటరున్నర పైచిలుకు, అంటే నూట డెబ్బై నూట ఎనభై రూపాయలు.

అసలు ఈ ఆదాలో లారీ వాటా ఎంతో, వేగం తగ్గించడం వల్ల వచ్చిన వాటా ఎంతో ఎవరూ విడదీసి చూడడం లేదన్నదే నా ముఖ్యమైన అభ్యంతరం. 2018లో కేంద్రం నిర్ణయించిన పరిమితుల ప్రకారం నాలుగు వరుసల రహదారి మీద కార్లు గంటకు 100 కిలోమీటర్ల వరకు వెళ్లవచ్చు, సరుకు వాహనాలు 80 దాటరాదు. కాబట్టి లారీ వెనుక చేరినవారు తమకు తెలియకుండానే 100 నుంచి 80కి దిగుతారు. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక ఈ దిగడంతోనే అది 36 శాతం తగ్గుతుంది. కారు ఎదుర్కొనే మొత్తం నిరోధంలో గాలిది సగమే అనుకున్నా, 18 శాతం భారం తగ్గినట్టే; ఇది వంద అడుగుల దూరంలో లారీ ఇచ్చే ప్రయోజనం కంటే ఎక్కువ. ఇందుకు లారీ అవసరమే లేదు. ఎడమ వరుసలో, ముందు వాహనానికి మూడు సెకన్ల ఎడంతో, అంటే 80 వేగంలో దాదాపు 67 మీటర్ల దూరంలో నిలకడగా నడిపితే చాలు. విజయవాడ చేరడానికి నలభై నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. తక్కువ వేగం వల్ల ఎంత ఇంధనం మిగులుతుందో పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉంది.

విదేశాలలో లారీలను వరుసగా దగ్గరదగ్గరగా నడుపుతున్నారు కదా అని కొందరు అడగవచ్చు. 2016లో యూరప్‌లోని కొన్ని దేశాల నుంచి అలాంటి లారీ వరుసలు రోటర్‌డామ్ చేరిన మాట వాస్తవమే. వాటిని వైర్‌లెస్ ద్వారా కలిపారు. ముందు లారీ బ్రేకు వేసిన మరుక్షణం వెనుక లారీకి దానంతట అదే బ్రేకు పడుతుంది. మన కార్లకూ, వాటి ముందున్న లారీలకూ మధ్య అటువంటి సంబంధమేదీ లేదు.

ముందు వాహనం అకస్మాత్తుగా ఆగినా ఢీకొనకుండా ఉండేంత దూరం పాటించాలని మన డ్రైవింగు నిబంధనలలో స్పష్టంగా ఉంది. కానీ వేగానికి పడినన్ని చలాన్లు ఈ తప్పుకు పడుతున్నట్టు కనబడదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద, విజయవాడ, బెంగళూరు, వరంగల్ దారులలో వాహనాల మధ్య ఎడం ఎంత ఉండాలో తెలిసేలా రోడ్డు మీద గుర్తులు వేయించాలని, లారీల ఫిట్‌నెస్ పరీక్షలో వెనుక అడ్డకడ్డీని, దీపాలను, ప్రతిఫలించే ఎర్ర స్టిక్కర్లను తప్పనిసరిగా చూసి, అవి లేనివాటిని వెనక్కి పంపాలని రవాణా శాఖ అధికారులను కోరుతున్నాను. సంక్రాంతికి నగరం సగం ఖాళీ అయి కార్లన్నీ ఒకే దారి పట్టే రోజులకు ముందుగానే ఈ పనులు మొదలు కావాలి.

భవదీయురాలు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
వనస్థలిపురం, హైదరాబాదు