రేపు రాత్రి రక్త నమూనాలకు వెళ్లేవారికి

అందరికీ నమస్కారం. రేపు సాయంత్రం అయిదింటికే హన్మకొండ చౌరస్తాలో కలుద్దాం. బోదకాలు సూక్ష్మక్రిములు రాత్రి పది నుంచి రెండు మధ్యే రక్తంలో ఎక్కువగా కనిపిస్తాయి కనుక సూది వేళ మార్చలేం. కానీ అర్ధరాత్రి తలుపు కొట్టి సమ్మతి పత్రంపై సంతకం అడిగితే ఎవరైనా బెదిరిపోతారు. వెలుగు ఉండగానే ఇంటింటికీ వెళ్లి విడమరచి చెప్పాలి.

సర్పంచ్ గారు ఒప్పుకున్నారు, చాటింపు కూడా వేయించారు. అది మనం ఊళ్లో అడుగుపెట్టడానికి అనుమతి, అంతే. వేలు చాపాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. వేలిముద్ర వేసినచోట సాక్షి మన బృందానికి చెందనివారై ఉండాలి. పోయిన వారం ఒక పత్రంలో సాక్షి గడిలో మనవాళ్ల సంతకమే కనిపించింది! ఆ నమూనా పక్కన పెట్టేశాను.

2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చేది) పరిశోధనప్పుడు చాలా పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటు స్థాయీ సంఘం దాకా వెళ్లిన వ్యవహారమది.

కాలు వాచినవారి ఫొటోలు ఈ గ్రూపులో పెట్టవద్దు. పోయినసారి పెట్టినవి తీసేయండి, దయచేసి ఈ రాత్రికే.

టార్చిలైట్లు ఎవరివి వారు తెచ్చుకోండి.