నాయన ఆ సాయంత్రమే నడిచాడు

తిరుపతి

ఒరేయ్ మురళీ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు కోపం పెట్టుకోవద్దు. కాగితం తీసుకోవడం, ఎవరో పిలవడం, లేచిపోవడం, ఇదే వరస. పిల్లలు బాగున్నారు. మామిడికి ఈసారి ధర లేదు. అవన్నీ తర్వాత.

నాయనకు పెద్దపేగులో కుడివైపు గడ్డ, క్యాన్సరే అని ఫోన్లో చెప్పాను కదా. ఆపరేషన్ అయిపోయిందిరా! పొద్దున థియేటర్‌లోకి తీసుకుపోయారు, ఆ సాయంత్రమే మంచం దిగి వరండాలో నడిచాడు! నేను చెయ్యి పట్టుకోబోతే సిస్టరమ్మ వద్దని గద్దించింది. అచ్చం మన డ్రిల్లు సారే, చేతిలో విజిలొకటే తక్కువ. ఆ విజిలు ఏమైందో మనిద్దరికే తెలుసు!

మా పెదనాయన ఆపరేషన్ గుర్తుందా నీకు? ముక్కులో గొట్టం, ఎండిపోయిన పెదాలు, గుక్కెడు నీళ్లడిగితే "గ్యాస్ పోయేదాకా ఏమీ ఇవ్వకూడదు" అనడం, అవ్వ ఏడుపు... అదే కళ్లముందు మెదిలి టెన్షన్‌తో నాకు నిద్రే పట్టలేదు. ఈసారి అంతా వేరు. ముందురోజు రాత్రి మామూలుగా అన్నం తిన్నాడు. తెల్లారుజామున పిండిపదార్థం కలిపిన తియ్యటి నీళ్లు తాగించారు. మత్తుకు రెండు గంటల ముందువరకూ తాగొచ్చట! రాత్రంతా కడుపు మాడ్చి కోస్తే ఒళ్లు ఇంకా నీరసపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. షుగరున్నవాళ్లకు లెక్క వేరు, నాయనకు లేదు కాబట్టి సరిపోయింది.

ఆపరేషన్ తర్వాత రోగి త్వరగా కోలుకునేలా చేసే ఈ పద్ధతిని ఈరాస్ (ERAS) అంటారు. 1990ల్లో డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ మొదలుపెట్టాడట. రోగి ఇన్నాళ్లు మంచాన ఎందుకుండాలి అని ఆయన ఒక్కో కారణాన్నీ వెతికాడు. 2005లో యూరప్ డాక్టర్లు పెద్దపేగు ఆపరేషన్లకు పద్ధతంతా రాసిపెట్టారు. పేగులు మొద్దుబారడానికి కోత ఒక్కటే కారణం కాదురా. మార్ఫిన్ లాంటి నొప్పి మందులు, అవసరానికి మించి ఎక్కించే సెలైన్ కూడా కారణమే. అందుకని నాయనకు వెన్నులో మత్తిచ్చి, తర్వాత ఎక్కువగా పారాసిటమాల్‌తోనే నడిపించారు. మర్నాటికి సెలైనూ లేదు, మూత్రం గొట్టమూ లేదు.

ఇదంతా ఆ ఒక్కరోజు పని కాదు. రక్తం తక్కువుందని ముందే నరంలోకి ఐరన్ ఎక్కించారు. మూడు బంతులుండే డబ్బాతో ఊపిరి పీల్చే సాధన చేయించారు. బీడీ నాలుగు వారాల ముందే మానాలన్నారు. మానేశాడు! మా నాయన! అమ్మ ఇప్పటికీ నమ్మడం లేదు.

ఆ రాత్రే జావ తాగాడు. మర్నాడు ఇడ్లీ. మధ్యలో చూయింగ్ గమ్ నమలమన్నారు, నోరాడితే తిండి వస్తోందని పేగులు కదులుతాయట. పంచె కట్టుకుని గమ్ నములుతూ వరండాలో తిరుగుతున్న మా నాయనను నువ్వు చూసుండాల్సింది. గ్యాస్ పోయిందని చెప్పగానే పక్క మంచం ఆమె "గోవిందా" అని దండం పెట్టింది. నేను బయటికెళ్లి ఏడ్చాను. వారం తిరక్కముందే ఇంటికొచ్చేశాం.

బయాప్సీ రిపోర్టు ఇంకా రాలేదు. తీసిన ముక్కలో కనీసం 12 లింఫు గ్రంథులైనా చూడాలట, వాటిలోకి పాకిందో లేదో తెలిస్తేనే కీమో సంగతి చెప్తారు. పగలు బాగానే ఉంటాను, రాత్రయితే... వద్దులే.

మీ చిన్నమామకు వేలూరులో ఆపరేషన్ అన్నావు కదా. ముందే వెళ్లి అడగండి: ఎప్పటివరకు తాగొచ్చు, ఎప్పుడు లేపుతారు, రక్తం ఎంతుంది అని. ఆయనకు గుండె జబ్బు ఉంది కాబట్టి ఏది కుదురుతుందో వాళ్లే చెప్పాలి. కానీ అడగకుండా మాత్రం ఊరుకోవద్దు. అత్తకు చెప్పు, దగ్గరుండి నడిపించాల్సింది ఆమే.

ఇంకా అక్కావాళ్ల సంగతి రాయాలి, ఇల్లు... అక్క పిలుస్తోంది. నాయనకు పొట్టమీద వేసే ఇంజెక్షన్ వేళయింది, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా 28 రోజులు వేయాలన్నారు. మిగతాది ఫోన్లో.

నీ
రవి