కాశీలో మనం చూడకుండా వచ్చేసే ఇల్లు
కేంద్ర విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ శాఖ కింద ఉన్న ఒక కళాఖండాల ఇంటి గురించి రాస్తున్నాను.

కాశీకి వెళితే తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్నది మా తెలుగువాళ్ల ఆచారం. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, గంగలో పడవ, గవ్వలమ్మ అన్నీ అయ్యాక ఆటో అతను హిందూ విశ్వవిద్యాలయం ఆవరణలోని కొత్త విశ్వనాథ మందిరానికి తీసుకుపోతాడు. పాలరాతి గోడలు చూసి, బయట టీ తాగి వెనక్కి తిరుగుతాం. అదే ఆవరణలో భారత్ కళా భవన్ అనే మ్యూజియం ఉందని చెప్పేవారు ఉండరు. నేనూ మొదటిసారి అలాగే వచ్చేశాను. రెండోసారి మా ఆవిడను సత్రంలో వదిలి ఒక్కణ్ణే వెళ్లి, గేటు మూసేదాకా బయటికి రాలేదు. ఆ సాయంత్రం పడ్డ చీవాట్ల సంగతి ఈ లేఖకు అనవసరం.

రాయ్ కృష్ణదాస్ 1920లో కాశీలో మొదలుపెట్టిన సేకరణ అది. రవీంద్రనాథ్ ఠాగూర్ దానికి గౌరవాధ్యక్షుడు. 1950లో అది విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు వరకు, 1939 నుంచి 1948 దాకా, అక్కడ వైస్ ఛాన్సలర్‌గా ఉన్నది మన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇప్పటి భవనానికి నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోపల లక్షకు పైగా వస్తువులున్నాయి.

లోపల అడుగుపెట్టినవాణ్ణి మొదట నిలబెట్టేది గోవర్ధనధారి. గుప్తుల కాలపు ఇసుకరాతి కృష్ణుడు, మనిషికంటే ఎత్తు. కాశీలోనే బకరియా కుండ్ దగ్గర దొరికాడు. ఎత్తిన ఎడమ చేతిమీద కొండ. నేను తరగతిలో ఎన్నోసార్లు బరువు మోసే మనిషిని గీయమన్నాను. పిల్లలందరూ కండలు ఉబ్బించి, పళ్లు బిగించి గీసేవారు. ఈ శిల్పికి ఆ అవసరం రాలేదు. బరువు మోస్తున్నట్టే ఉండదు, అయినా కొండ కింద పడదని మనకు నమ్మకం కలుగుతుంది. ఇది మాటల్లో చెప్పే పాఠం కాదు, ఎదుట నిలబెట్టి చూపించవలసింది.

మరో గదిలో రాజ్‌ఘాట్ మట్టిబొమ్మలు. 1940లో కాశీ రైల్వే స్టేషన్ పనుల కోసం ఆ గుట్టను తవ్వుతుంటే బయటపడ్డ సరుకు అది. జడలు, ముడులు, నుదుటి మీది ముంగురులు ఒక్కో తలకు ఒక్కో తీరు. పదిహేను వందల ఏళ్ల కిందటి ఆడవాళ్ల సింగారం అరచేతిలో పట్టేంత మట్టిలో ఉంది. ఇక 1596 నాటి అన్వారె సుహైలీ చిత్రాలున్నాయి. అక్బరు కాలంలో లాహోరులో తయారైన ప్రతి. పేరు వింటే పరాయిదనిపిస్తుంది కానీ అది పంచతంత్రమే. మన మిత్రలాభం, మిత్రభేదం కథలు పారసీకంలోకి వెళ్లి, బొమ్మలు తొడుక్కుని కాశీకి తిరిగొచ్చాయి. అవధీ భాషలో ముల్లా దావూద్ 1379లో చెప్పిన చందాయన్ కావ్యానికి వేసిన బొమ్మల పుటలు కొన్ని ఉన్నాయి. మొఘలుల కంటే ముందు మన దేశంలో బొమ్మలు ఎలా వేసేవారో తెలుసుకోవాలంటే వాటిని చూడవలసిందే.

ఇంతకీ నా మనవి ఈ ఒక్క భవనం గురించి కాదు.

మా హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం సాంస్కృతిక శాఖ కింద ఉంది. అది మ్యూజియం కాబట్టి మ్యూజియం లెక్కలతోనే నడుస్తుంది. భారత్ కళా భవన్ గానీ, 1937 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఉన్న ఆశుతోష్ మ్యూజియం గానీ, శాంతినికేతన్ కళాభవన్ సేకరణ గానీ అలా కాదు. అవి చదువుల ఇంట్లో ఉన్న బొమ్మల పెట్టెలు. చదువుల శాఖకు అది మ్యూజియం, మ్యూజియాల శాఖకు అది కాలేజీ. ఇద్దరు అత్తల మధ్య కోడలి సంగతి మీకు చెప్పనక్కరలేదు.

మీ శాఖ 2016 నుంచి ఏటా విశ్వవిద్యాలయాలకు ర్యాంకులు ఇస్తోంది. బోధన, పరిశోధన, విద్యార్థుల ఫలితాలు, అందరికీ అందుబాటు, పేరుప్రతిష్ఠలు అని ఐదు శీర్షికలు. పేటెంట్లకు మార్కులున్నాయి. లక్ష కళాఖండాలను ఎండ, చెమ్మ, పురుగు తగలకుండా కాపాడినందుకు విడిగా ఒక్క మార్కూ లేదు. మార్కు లేని పనికి ఏ వైస్ ఛాన్సలర్ మాత్రం పోస్టు అడుగుతారు?

నా శిష్యుడొకడు ఒక విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివాడు. ఏ ఊరిదో చెప్పను. చివరి ఏడాది అతను వేసిన పెద్ద తైలవర్ణచిత్రాన్ని విభాగం వారు బాగుందని ఉంచుకున్నారు. ఆరేళ్ల తర్వాత ఇద్దరం వెళ్లి అడిగాం. మెట్ల కింది గదిలో, విరిగిన బల్లల వెనక దొరికింది. కింది సగం చెదలు తినేశాయి. రిజిస్టరు తీయించాం, అందులో ఆ బొమ్మ పేరే లేదు. పోయినట్టు ఫిర్యాదు చేయడానికైనా అది ఉన్నట్టు ఎక్కడో రాసి ఉండాలి కదా! అతను ఏమీ అనలేదు, ఫ్రేము మీది దుమ్ము తుడిచి అక్కడే పెట్టి వచ్చేశాడు.

అందుకే మొదటి మాటగా అడుగుతున్నాను. విశ్వవిద్యాలయాల దగ్గరున్న ప్రతి కళాఖండానికీ నంబరు, ఫొటో, కొలతలు, ఎక్కడి నుంచి వచ్చిందో నాలుగు మాటలు ఉండాలి. ఆ పట్టిక కంప్యూటర్‌లో అందరికీ కనిపించాలి. పేరూ నంబరూ లేని బొమ్మను పోగొట్టడం చాలా తేలిక.

రెండోది చూడనిచ్చే ఏర్పాటు. కాగితం మీద నీటిరంగులతో వేసిన బొమ్మకు వెలుగే శత్రువు. లక్క ఎరుపు వెలిసిపోతుంది, కాగితం పసుపెక్కుతుంది. యాభై లక్స్ వెలుతురు దాటకూడదన్నది మ్యూజియాల వారి లెక్క. కొన్ని నెలలు గోడమీద ఉన్న బొమ్మ ఆ తర్వాత చాలా కాలం చీకటి సొరుగులో ఉండవలసిందే. అందులో తప్పు లేదు. ఆ సొరుగు ఎవరికోసం తెరుచుకుంటుందన్నదే ప్రశ్న. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మ్యూజియాల్లో ఇందుకని ఒక గది ఉంది. ముందుగా సమయం తీసుకుని, ఫలానా బొమ్మ చూడాలని అడిగితే తెచ్చి బల్లమీద పెడతారు. విద్యార్థే కానక్కరలేదు, ఎవరైనా సరే. మన దగ్గర కావలసింది ఒక గది, ఒక బల్ల, సరైన దీపం, తెలిసిన మనిషి.

ఆ తెలిసిన మనిషి మీదే నా మూడో మాట. మ్యూజియం క్యూరేటరును, బొమ్మలను బాగుచేసే నిపుణుణ్ణి బోధకులుగా లెక్కించండి. ఆ పోస్టు ఖాళీగా ఉంటే ఆచార్యుడి పోస్టు ఖాళీగా ఉన్నట్టే చూడండి. చరిత్ర, రసాయనశాస్త్రం, చేనేత, సాహిత్యం చదివేవాళ్లంతా ఏడాదికి ఒక పాఠమైనా ఆ బల్ల దగ్గర వినేలా చేయండి. కాశీ పట్టుచీరల జరీ గురించి చెప్పడానికి ఆ గదిని మించిన తరగతి ఉండదు. ర్యాంకుల్లో దానికి రెండు మార్కులు కలిపితే మిగతా పని వైస్ ఛాన్సలర్లే చూసుకుంటారు.

ఇంకొక చిన్న కోరిక. కాశీకి వచ్చే తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు తక్కువ మంది కాదు. కొత్త విశ్వనాథ మందిరం బయట, ఆటోలు ఆగే చోట, భారత్ కళా భవన్ ఎటువైపో చెప్పే బోర్డు ఒకటి మా లిపుల్లోనూ రాయించండి. బాణం గుర్తు పెద్దదిగా ఉండాలి. మా ఆవిడను ఈసారి ఆ దారినే తీసుకువెళ్లాలనుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు