బెల్ట్ అమ్మే ముందు రెండు చెక్కలు, కాస్త చాక్ పెట్టండయ్యా

ఎడిటర్ గారికి నమస్కారం,

తిరుపతిలో ఇప్పుడు ఏ సందులోకి పోయినా ఒక జిమ్ కనపడతా ఉంది, కొర్లగుంట కానీ భవానీ నగర్ కానీ రేణిగుంట రోడ్డు కానీ, పిలకాయలు తెల్లారకముందే బైకులేసుకుని వచ్చేస్తా ఉండారు, చాలా సంతోషం. కానీ డెడ్‌లిఫ్ట్ (నేల మీదున్న బరువుల బార్‌ని వంగి పట్టుకుని నిటారుగా నిలబడేదాకా లేపేది) విషయంలో మన జిమ్‌ల తీరు చూస్తే కడుపు మండుతోంది, అందుకే రాస్తున్నా. చేరిన వారంలోనే నడుముకి కట్టే బెల్ట్ తీసుకో, చేతిని బార్‌కి చుట్టి కట్టే స్ట్రాప్స్ తీసుకో అని కౌంటర్ దగ్గరే అంటగడతారు, బార్‌ని నేల మీద నుంచి ఎట్లా లేపాలో మాత్రం చెప్పే నాథుడు ఉండడు. ఆనక నడుం పట్టేస్తే ఇంట్లో వాళ్ళు ఆ బరువులు ఎత్తేది మానెయ్ నాయనా అంటారు, ఇంక ఆ పిల్లోడు మళ్ళీ బార్ ముట్టుకోడు.

జిమ్ ఓనర్లకి నేను చెప్పేది ఒకటే. బెల్టుల కంటే ముందు, బార్ చివర్ల తగిలించే బరువు ప్లేట్ల కింద పెట్టేదానికి రెండు చెక్కలు, చేతులకి రాసుకునేదానికి చాక్ పెట్టండి.

చెక్కలెందుకు అంటారా? పోటీల్లో వాడే పెద్ద ప్లేటు అడ్డం కొలిస్తే 45 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే బార్ మధ్యభాగం నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. డెడ్‌లిఫ్ట్‌కి నిలబడే తీరు గురించి ఎవరు చెప్పినా ఆ ఎత్తుని మనసులో పెట్టుకునే చెబుతారు. మన దగ్గర కొత్తగా వచ్చినవాళ్ళకి ఇచ్చేది చిన్న ఇనుప ప్లేట్లు, ఆ ప్లేటు అడ్డం 30 సెంటీమీటర్లు ఉందనుకోండి, బార్ 15 సెంటీమీటర్లకి దిగిపోతుంది, ఏడున్నర సెంటీమీటర్లు అదనంగా వంగాలి. అంటే అందరికంటే తక్కువ బరువు ఎత్తేవాడు అందరికంటే ఎక్కువ వంగాల్సి వస్తా ఉంది, అదీ రోజంతా కోచింగ్ సెంటర్లో బెంచీ మీద కూర్చుని తొడల వెనక కండరాలు బిగుసుకుపోయిన పిల్లోడు! వాడి నడుం గుండ్రంగా వంగకుండా ఎట్లా ఉంటుంది చెప్పండి. వడ్రంగి దగ్గర బలమైన చెక్క దిమ్మెలు రెండు చేయించి ప్లేట్ల కింద పెడితే, లేదా పాత రబ్బర్ మ్యాట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినా సరే, సగం తలనొప్పి తగ్గిపోతుంది. ఇంకోటి, మూలలున్న ప్లేట్లు డెడ్‌లిఫ్ట్‌కి వద్దు, కింద పెట్టగానే బార్ ముందుకో వెనక్కో జరిగిపోతుంది.

ఇంక చాక్. మన ఎండాకాలం తెలిసిందే కదా, ఫ్యాన్ కింద నిలబడినా అరచేతులు కారిపోతా ఉంటాయి. అందరికీ ముందు జారేది పట్టే. నడుం, కాళ్ళు ఇంకా ఎత్తగలిగి ఉన్నా వేళ్ళు తెరుచుకుంటాయి. చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్, చెమట పీల్చేస్తుంది అంతే. ఫ్లోర్ పాడవుతుందని చాలా జిమ్‌లలో వద్దంటారు, సరే, లిక్విడ్ చాక్ పెట్టండి, అది స్పిరిట్‌తో కలిపి వస్తుంది, చేతికి రాస్తే ఆరిపోతుంది, దుమ్ము రాలదు. కొంతమంది టాల్కం పౌడర్ రాసుకుంటున్నారు, అది ఇంకా జారుతుంది, దయచేసి వద్దు. గ్లౌజులు కూడా అంతే, బార్ లావెక్కినట్టు అయ్యి పట్టు ఇంకా తగ్గుతుంది.

స్ట్రాప్స్ చెడ్డవి అని నేను అనట్లా. 2020లో ఐస్‌లాండ్ స్ట్రాంగ్‌మ్యాన్ హాఫ్థోర్ బ్యోర్న్సన్ డెడ్‌లిఫ్ట్‌లో 501 కేజీలు ఎత్తింది స్ట్రాప్స్ తోనే, స్ట్రాంగ్‌మ్యాన్ పోటీల్లో అవి మామూలు. కానీ డెడ్‌లిఫ్ట్ కూడా ఉండే పవర్‌లిఫ్టింగ్ పోటీకి పోతే అంతర్జాతీయ ఫెడరేషన్ రూల్స్ ప్రకారం స్ట్రాప్స్ వేసుకోనివ్వరు, ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లోనూ అంతే. మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టులు కలిపి 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చిందంటే ఆ బరువంతా నేల మీద నుంచి లేపింది ఉత్త చేతి పట్టుతోనే కదా. అందుకని మొదటి సెట్లన్నీ (సెట్ అంటే ఆగకుండా వరసగా ఎత్తే ఒక విడత) రెండు అరచేతులూ మన వైపు ఉండేలా పట్టుకుని చెయ్యండి, పట్టు నిజంగా చాలనప్పుడు, ఆఖరి బరువైన సెట్లకో ఎక్కువ రెప్స్ (ఎన్నిసార్లు ఎత్తామో ఆ లెక్క) చేసే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌కో, అంటే బార్‌ని నేలకి ఆనించకుండా చేసేదానికో, స్ట్రాప్స్ తగిలించుకోండి. ఒక చెయ్యి ముందుకి, ఒక చెయ్యి వెనక్కి తిప్పి పట్టుకునేవాళ్ళు ముందుకి తిప్పిన చెయ్యిని మోచేతి దగ్గర అస్సలు మడవకూడదు, బైసెప్స్ తెగే ప్రమాదం ఆ చేతికే. బొటనవేలుని మిగతా వేళ్ళ కింద నొక్కి పట్టే హుక్ గ్రిప్ మొదట్లో బాగా నొప్పి పెడుతుంది, అయినా నాకు అదే ఇష్టం.

బెల్ట్ గురించి మనవాళ్ళ ఆలోచనే తప్పు. అది నడుముని పట్టి నిలబెట్టే కట్టు కాదు. పొట్టలోకి, పక్కలకి గాలి నిండా తీసుకుని బెల్ట్ మీదకి నెడితే లోపల ఒత్తిడి పెరిగి వెన్ను కదలకుండా ఉంటుంది, నెట్టేది మనమే. ఆ ఊపిరి బిగబట్టేది రానివాడికి బెల్ట్ కట్టినా ఒకటే కట్టకపోయినా ఒకటే. కొనేవాళ్ళు వెనక వెడల్పు, ముందు సన్నం ఉండేది కొనకండి, పొట్ట నెట్టేది ముందుకే కదా. పోటీకైతే వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు దాటకూడదు. బీపీ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఊపిరి బిగబట్టి బరువులెత్తొద్దు, నాలాంటి పెద్ద వయసువాళ్ళకి ఇది మరీ మరీ చెబుతున్నా.

ఎత్తే తీరు కూడా పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బార్ పాదం మధ్యలో ఉండాలి, చంకలు బిగించి బార్‌ని కాళ్ళకి ఆనించి ఉంచాలి, నడుంతో లాగడం కాకుండా కాళ్ళతో నేలని కిందకి తొక్కాలి, పైకొచ్చాక వెనక్కి వాలకూడదు. ప్రతి రెప్‌కీ బార్ నేల మీద పూర్తిగా ఆగాలి, బంతిలాగా ఎగరేసేది కాదు. మెత్తటి రన్నింగ్ బూట్లు విప్పేసి పల్చటి అట్ట ఉన్న కాన్వాస్ బూట్లు వేసుకోండి. పక్క నుంచి ఎవరినైనా ఫోన్లో వీడియో తీయమనండి, నడుం వంగింది లేనిది అదే చూపిస్తుంది.

బలం పెరిగేది ఓపికతోనే. 5 రెప్స్ శుభ్రంగా వస్తే తర్వాతి సారి రెండున్నర కేజీలు పెంచండి, వంకర పోతే పెంచొద్దు. ఇందుకే జిమ్‌లో 1.25 కేజీల ప్లేట్లు రెండు ఉండి తీరాలి, చాలా చోట్ల ఉండవు, ఒకేసారి 10 కేజీలు ఎక్కించమంటారు! బరువైన డెడ్‌లిఫ్ట్ వారానికి ఒకసారి చాలు. శనివారం అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి కొండకి పోయొచ్చి ఆదివారం రికార్డ్ కొడతానని వచ్చే తమ్ముళ్ళూ, కాళ్ళకి రెండు రోజులు టైమివ్వండి. సంగటి, గుడ్లు, చెనక్కాయలు బాగా తినండి, డబ్బా పౌడర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరెక్కినా బెల్ట్ ఇంకా బిగించొద్దు, నేరుగా ఎముకల డాక్టర్ దగ్గరికి పోండి.

మీ పేపర్ జిల్లా ఎడిషన్‌లో వారానికి ఒక్క చిన్న కాలమ్ ఇట్లాంటి వాటికి ఇస్తే, ఫొటోతో సహా, ట్రైనర్‌కి ఫీజు కట్టలేని చంద్రగిరి, పుత్తూరు, పలమనేరు పిలకాయలకి చాలా ఉపయోగం. జిమ్ ఓనర్లు ఎవరైనా ఇది చదివి చెక్కలు చేయించాలనుకుంటే ఏడు, ఎనిమిది సెంటీమీటర్ల మందం అడగండి, ప్లేటు దొర్లిపోకుండా అంచున చిన్న పట్టీ కొట్టించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి