నీ గొంతు దొరికింది, కొంచెం తడిసింది

మామా,

ఎలా ఉన్నావు? ఫోన్లో అయితే ఐదు నిమిషాల్లో తేల్చేస్తానని, తీరిగ్గా రాయమన్నావుగా. ఇదిగో రాస్తున్నాను, విసుగొస్తే నన్ననకు.

నువ్వు అడిగింది ఒక్క ముక్కే: ‘మన పాటలోంచి నా గొంతు ఒక్కటీ తీసి పంపు, కొత్త మ్యూజిక్ చేసుకుంటాను’ అని. ఎంత తేలిగ్గా అడిగావురా! హార్డ్ డిస్క్ పోయి, గొంతుకీ వాయిద్యాలకీ విడివిడిగా ఉన్న ట్రాకులన్నీ దాంతో పాటే పోయి, మనకి మిగిలింది అన్నీ కలిపేసిన ఫైనల్ మిక్స్ ఒక్కటే. అందులోంచి గొంతు తియ్యడమంటే పాలూ నీళ్లూ వేరుచేసే హంస పని. నేనా, హంసనా? అయినా మూడు రాత్రులు కూర్చున్నాను.

మొదట పాత చిట్కా ప్రయత్నించాను. గొంతుని సాధారణంగా మధ్యలో పెడతారు కదా, అంటే ఎడమ స్పీకర్లోనూ కుడి స్పీకర్లోనూ ఒకేలా ఉంటుంది. ఒక వైపు శబ్దపు అలని తలకిందులు చేసి రెండోదానితో కలిపితే, రెండింట్లోనూ సమానంగా ఉన్నదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమైపోతుంది. నిజంగానే నువ్వు మాయమైపోయావు! కానీ మనకి కావలసింది నువ్వు ఉండి మిగతావి పోవడం. పైగా బేస్, కిక్ డ్రమ్ కూడా మధ్యలోవే కాబట్టి నీతో పాటే పోయాయి. రెవెర్బ్, అంటే గొంతు వెనక మోగే ప్రతిధ్వని, మాత్రం రెండు వైపులా వేరువేరుగా పరుచుకుని ఉంటుంది, అది పోలేదు. నువ్వు గదిలోంచి వెళ్లిపోయాక కూడా నీ ప్రతిధ్వని ఇంకా తచ్చాడుతున్నట్టుంది. అర్ధరాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే భయమేసింది.

తర్వాత వెలిగింది, మనం దీనికి కరోకే వెర్షన్ కూడా చేసుకున్నాం కదా అని. పూర్తి పాటలోంచి కరోకే తీసేస్తే మిగిలేది గొంతే కదా! లెక్క ప్రకారం ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు. ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రాములో రెండు ఫైళ్లనీ ఒకదాని కింద ఒకటి పెట్టి, అల కాస్తా చుక్కలు చుక్కలుగా విడిపోయేదాకా జూమ్ చేసి, మొదటి డ్రమ్ దెబ్బ రెండింట్లోనూ ఒకే చుక్క మీద పడేలా జరిపాను. సెకనుకి 44,100 చుక్కలు మామా. ఒక్క చుక్క తేడా వచ్చినా బేస్ దాదాపుగా పోతుంది గానీ సింబల్స్ జల్లు అలాగే ఉండిపోతుంది. కళ్లు కాయలు కాశాయి. చివరికి సరిగ్గా కూర్చోబెట్టి, ఒకదాన్ని తలకిందులు చేసి కలిపితే నీ గొంతు వచ్చింది, కానీ వెనక స్టేషన్ సరిగ్గా తగలని రేడియోలాగా ఒకటే గరగర.

ఎందుకంటే నా దగ్గరున్న రెండూ ఎంపీ3లు. ఎంపీ3 చేసేటప్పుడు చెవికి ఎలాగూ తెలియదు అనుకున్న వివరాల్ని పారేస్తారు కదా. గొంతు ఉన్నప్పుడు అది పారేసింది ఒకటి, గొంతు లేనప్పుడు పారేసింది ఇంకొకటి. తీసివేత చేస్తే ఆ తేడా అంతా చెత్తలా పైకి తేలింది.

ఇక లాభం లేదని కొత్త ప్రోగ్రాముల మీద పడ్డాను. పాటని గొంతుగా, వాయిద్యాలుగా విడగొట్టేవి అవి. 2019లో డీజర్ అనే మ్యూజిక్ కంపెనీ వాళ్లు స్ప్లీటర్ అని ఒకటి ఉచితంగా వదిలారు. దాన్ని ఉన్నదున్నట్టుగా వాడితే 11 కిలోహెర్ట్జ్‌కి పైనున్న సన్నటి శబ్దాలన్నీ కోసేస్తుంది, నువ్వు దుప్పటి ముసుగులోంచి పాడుతున్నట్టుంది. ఫేస్‌బుక్ పరిశోధకుల డీమ్యూక్స్ దానికన్నా చాలా మెరుగు. వాటికి పాటలు, వాటి విడి ట్రాకులూ చూపించి నేర్పిస్తారు. పరిశోధకులు ఎక్కువగా వాడే ముస్‌డీబీ18 సేకరణలో ఉన్నవి 150 పాటలే, అంతా కలిపి దాదాపు 10 గంటలు. మన పాటని డీమ్యూక్స్ ఎన్నడూ వినలేదు. అయినా ఇక్కడ గొంతు ఇలా ఉండి ఉంటుందని ఊహించి ఇచ్చింది. ఆ ‘ఊహించి’ అన్నమాట దగ్గర ఒక్క క్షణం ఆగు. ఇది హంస కాదు, మంచి అంచనా వేసే ఘటం.

ఎక్కడ తడబడిందో చూద్దామని స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దాన్ని బొమ్మగా చూపించేది, తెరిచాను. డ్రమ్ దెబ్బలు నిలువు గీతల్లా కనిపిస్తాయి. నీ గొంతు ఒకదానిమీద ఒకటి పేర్చిన దారాల్లా, నువ్వు స్వరం ఊపినప్పుడల్లా అన్నీ కలిసి వంకర్లు పోతూ ఉంటుంది. మన ఫ్లూట్ గమకాలు కూడా అచ్చం అలాగే ఊగాయి! దాంతో ఇంటర్‌లూడ్‌లో ఫ్లూట్‌ని పట్టుకొచ్చి నీ గొంతు ఫైల్లో పడేసింది. నా కోరస్ కూడా వచ్చేసింది, దానికి గొంతంటే గొంతే మరి. ఇంకో తమాషా, స, శ, ష ఉన్నచోటల్లా తిప్పలే. అవి పాట కాదు, ఉత్త గాలి చప్పుడు. డ్రమ్స్‌లో హై-హ్యాట్ అనే తాళాల జత చప్పుడు ఉండే చోటే ఉంటాయి. ‘శ్వాస’ అని నువ్వు ఎంతో భావంతో పాడితే, శ, స రెండింటినీ హై-హ్యాట్ ఎత్తుకుపోయి ‘వా..’ అని మిగిలింది.

మొత్తమ్మీద గొంతు కొంచెం నీళ్లలోంచి వినిపిస్తున్నట్టుంది. ఒక్కదాన్నీ వింటే నీకు నచ్చదు, ముందే చెబుతున్నా. కానీ కింద ఒక గిటార్ పెట్టి చూశాను, సగం లోపాలు దాని వెనక దాక్కున్నాయి. నీ కొత్త మ్యూజిక్‌లో కూడా హై-హ్యాట్ కాస్త గట్టిగానే ఉంచు, పోయిన శకారాల్ని చెవి దాంట్లోంచే పూరించుకుంటుంది. ఇది మోసమే, కానీ పనిచేస్తుంది. పెద్దవాళ్లకీ ఇదే తంటా: జాన్ లెనన్ ఇంట్లో పియానో వాయిస్తూ క్యాసెట్‌లో పాడుకున్న పాటని బీటిల్స్ బృందంలోని మిగతా ముగ్గురూ 1995లో పూర్తిచెయ్యబోయి వదిలేశారు. ఇలాంటి యంత్రం ఆ గొంతుని పియానో నుంచి విడదీశాకే 2023లో విడుదలైంది.

ఇప్పుడు అసలు పని. ఆ రోజు మనం సీడీలు రాసుకున్నాం, గుర్తుందా? పూర్తి పాట, కరోకే రెండూ ఒకే డిస్కులో. నాది పోయింది, నీది ఎక్కడో ఉండాలి. దొరికితే రెండింటినీ ఏమీ పారేయని వేవ్ ఫైళ్లుగా దించి అలాగే పంపు, దయచేసి ఎంపీ3 చెయ్యకు. శబ్దం హద్దు దాటకుండా నొక్కే లిమిటర్, గొంతు ఉన్నచోట ఒకలా, లేనిచోట ఒకలా నొక్కి ఉంటుంది కాబట్టి కాస్త మురికి అప్పుడూ మిగులుతుంది. అయినా ఆ తీసివేతలో వచ్చేది ఊహించిన గొంతు కాదు, నీ గొంతే. నీ శకారాలు కూడా తిరిగొస్తాయి.

నీ
నేనే

తా.క.: రెండో చరణానికి ముందు నువ్వు ఊపిరి పీల్చుకునే చోట, ఇన్నేళ్లూ కీబోర్డు కింద పడి వినపడని చప్పుడొకటి బయటపడింది. కాగితం తిప్పిన చప్పుడు. పాట మొత్తం నోటికి వచ్చని ఆ రోజు ఒట్టు వేశావు కదరా!