ఆ వాయిదా డబ్బు ఎక్కడిది?

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూసి మూడు రోజులైంది. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదని ఆగాను. ఇవాళ పిల్లలు పడుకున్నాక తీరిగ్గా కూర్చున్నా. ముందు అత్తయ్య మోకాలి సంగతి రాయి. ఆపరేషన్ తర్వాత మెట్లెక్కుతోందా? నడక మాననివ్వకు.

ఇక నీ ఉద్యోగం. పద్నాలుగేళ్ళు బ్యాంకులో చేసినవాణ్ణి ఇంపాక్ట్ ఫండ్ (రాబడితో పాటు జనానికి మేలు కూడా చూసే పెట్టుబడి సంస్థ) వాళ్ళు పిలుస్తున్నారంటే నాకేం ఆశ్చర్యం లేదు, ఈ రంగానికి లెక్కలు తెలిసినవాళ్ళ అవసరం చాలా ఉంది. 'జీతం కొంచెం తగ్గినా మనసుకి తృప్తి ఉంటుందంటున్నారు, నిజమేనా?' అనడిగావు. నిజమే. కానీ ఆ తృప్తి దానంతటదే రాదు. నాకు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఎందుకో చెప్తా విను.

నువ్వు ముంబై వెళ్ళిపోయిన ఏడాది నేను మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా చేరాను, గుర్తుందా? 2008. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు పెట్టిన యూనస్‌కి నోబెల్ వచ్చి రెండేళ్ళు. పేదవాళ్ళకి తాకట్టు లేకుండా అప్పిస్తే తిరిగి కడతారు, బాగుపడతారు అని ప్రపంచమంతా నమ్ముతున్న రోజులు. నేనూ నమ్మాను. పల్నాడు పల్లెల్లో పొద్దున ఏడింటికల్లా సెంటర్ మీటింగ్. అప్పు తీసుకున్న ఆడవాళ్ళంతా వరసగా కూర్చునేవాళ్ళు, ప్రతిజ్ఞ చదివేవాళ్ళు, వాయిదాలు కట్టేవాళ్ళు. పదివేలు అప్పు, వారానికి 225 చొప్పున యాభై వారాలు. 'పన్నెండున్నర శాతం వడ్డీ' అని చెప్పేవాళ్ళం. కానీ అసలు వారం వారం తగ్గుతూ పోతుంది కదా, దాని ప్రకారం లెక్క కడితే దాదాపు ఇరవై నాలుగున్నర. మన ఊరి లెక్కలో నూటికి రెండు రూపాయల వడ్డీ. ఊళ్ళో వడ్డీ వ్యాపారి మూడు, నాలుగు, అయిదు రూపాయలు కూడా పిండేవాడు కాబట్టి మాది నయమే. ఆ మాట ఇప్పటికీ అంటాను.

అసలు గొడవ వడ్డీ దగ్గర లేదు. ఒక రోజు సంగతి చెప్తా.

2010 ఫిబ్రవరి. మిరపకోతలు జోరుగా సాగుతున్నాయి. ఒకావిడ మీటింగ్‌కి రాలేదు. ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్ళు కట్టాలి, మొత్తం లెక్క తేలేదాకా ఎవరూ లేవకూడదు. కోతకి వెళ్ళే ట్రాక్టరు రోడ్డు మీద హారన్ కొడుతోంది. ట్రాక్టరు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. మిగతా ఆడవాళ్ళు ఆమెని తిట్టుకుంటూ కూర్చున్నారు. ఎనిమిదిన్నరకి వచ్చింది. కొంగుముడి విప్పి రెండు వంద నోట్లు, రెండు పది నోట్లు, ఒక అయిదు నా చేతిలో పెట్టింది. ఆ రోజుల్లో నా చేతికొచ్చే కూలి డబ్బు ఎలా ఉండేదో తెలుసా? మెత్తగా నలిగిపోయి, మిరప ఘాటు పట్టేసి, లెక్కపెట్టిన చేత్తో కళ్ళు తుడుచుకుంటే మండేది. ఈ వంద నోట్లు మాత్రం కొత్తగా పెళపెళలాడుతున్నాయి. నేను గమనించాను రా. గమనించి కూడా రసీదు రాసి, పాస్‌బుక్‌లో సంతకం పెట్టి, తర్వాతి ఊరికి బండి తీశాను.

తర్వాతి వారం గ్రూపు లీడర్ మామూలుగా, ఏ దాపరికం లేకుండా అంది. 'వేరే కంపెనీలో లోను వచ్చిందిగా సారూ, అందులోంచి కట్టింది. మీకు తెలీదా?' ఊరందరికీ తెలుసు. ఆఫీసుకెళ్ళి చెబితే మా బ్రాంచి మేనేజరు అన్నాడు: 'కట్టిందా లేదా? అంతవరకే మన పని.' ఆ నెల మా బ్రాంచి వసూళ్ళు నూటికి తొంభై తొమ్మిది. బోర్డు మీద రాసి పెట్టారు కూడా.

ఆ అంకెలనే చూసి పెట్టుబడిదారులు వచ్చారు. అదే ఏడాది జూలై ఆఖర్లో ఎస్‌కేఎస్ అనే పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీ ఐపీఓకి వెళ్ళింది, అంటే మొదటిసారి తన షేర్లు జనానికి అమ్మకానికి పెట్టింది. షేరు ధర 985 రూపాయలు, ఉన్న షేర్లకి పదమూడు రెట్లకు పైగా దరఖాస్తులు. నువ్వే ఫోన్ చేసి 'మీ రంగం పేలిపోయింది రా' అన్నావు. మూడు నెలలు తిరగకుండా, అప్పు తీసుకున్నవాళ్ళ ఆత్మహత్యల వార్తల మధ్య, రోశయ్య గారి ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చింది. ప్రతి కంపెనీ జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలి, వారం వాయిదాల బదులు నెల వాయిదాలు, వసూలు పంచాయతీ ఆఫీసు దగ్గర నలుగురిలో, బెదిరిస్తే జైలు. వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. కట్టగలిగినవాళ్ళూ ఆపేశారు, మళ్ళీ లోను వస్తుందన్న ఆశ లేనప్పుడు కట్టి ఏం లాభం? నాలాంటి వేలమంది ఉద్యోగాలు పోయాయి.

దీనికి ముందే మన రాష్ట్రానికి ఒక ముందస్తు హెచ్చరిక వచ్చింది, 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు యాభై దాకా మైక్రోఫైనాన్స్ బ్రాంచీలు మూయించారు. అప్పుడైనా 'ఆ వాయిదా డబ్బు ఎక్కడిది?' అన్న అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. మన దగ్గర పొదుపు సంఘాలు అప్పటికే ఊరూరా ఉన్నాయి. నెల్లూరులో సారా ఉద్యమం తర్వాత ఆడవాళ్ళు రోజుకి రూపాయి చొప్పున దాచుకున్న పొదుపులక్ష్మి రోజుల నుంచీ ఉన్న అలవాటు అది. మీటింగ్‌కి రావడం, లెక్క చూసుకోవడం, మాట మీద నిలబడటం వాళ్ళే కష్టపడి నేర్చుకున్నారు. ఆ క్రమశిక్షణ మీద నాలుగేసి కంపెనీలు వచ్చి కూర్చున్నాయి. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇదే.

తర్వాత రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీ వేసింది, 2011 డిసెంబరులో ఈ కంపెనీల కోసం కొత్త నిబంధనలు పెట్టింది. 2022లో వాటిని మళ్ళీ మార్చారు. ఇప్పుడు ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి ఇచ్చే తాకట్టు లేని అప్పే మైక్రోఫైనాన్స్. ఆ కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. మంచి నిబంధన. కానీ ఆదాయం రాసేదెవరు? ఫీల్డ్ ఆఫీసరే.

రెండేళ్ళ కిందట నేనిప్పుడు పనిచేస్తున్న ఇంపాక్ట్ ఫండ్ ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీలో పెట్టుబడి పెట్టబోయింది. పేరు రాయను. నేను వెళ్ళి ఒక బ్రాంచిలో ముప్పై దరఖాస్తులు తీయించాను. ముప్పైలోనూ నెల ఆదాయం 24,000. పాలమ్మే ఆవిడకీ అంతే, బీడీలు చుట్టే ఆవిడకీ అంతే, భర్త దుబాయ్‌లో ఉన్న ఆవిడకీ అంతే. ఇరవై అయిదు దాటితే 3 లక్షలు దాటిపోతుంది, మరీ తక్కువ రాస్తే వాయిదా సగం దాటుతుంది. అందుకని ఆ అంకె. మర్నాడు ఆ బీడీల ఆవిడ ఇంటికెళ్ళాను. మాటల్లో అడిగాను, 'అమ్మా, పోయిన నెల వాయిదా ఏ డబ్బుతో కట్టావు?' ఆమె లోపలికెళ్ళి బంగారం తాకట్టు పెట్టిన చీటీ తెచ్చి చూపించింది. మూలన గ్యాస్ సిలిండర్ ఖాళీగా పడుంది, పొయ్యి మీద కట్టెలు. కంపెనీ రిపోర్టులో ఆమె 'సకాలంలో చెల్లించిన ఖాతాదారు'.

మా కమిటీలో గట్టిగా వాదన జరిగింది. అంకెలన్నీ బాగున్నాయి, రాబడి బాగుంది, ఎందుకు వద్దంటున్నావన్నారు. ఆ తాకట్టు చీటీ సంగతి చెప్పాను. పెట్టుబడి ఆగింది. ఇద్దరు ముగ్గురు నాతో చాలా రోజులు ముభావంగా ఉన్నారు. ఉండనీ. 2010లో బండి తీసి వెళ్ళిపోయిన నేను ఈసారి ఆగాను, నాకు అది చాలు.

ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అన్న మాట పుట్టింది 2007లో, ఇటలీలో బెల్లాజియో అనే చోట రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పెట్టిన సమావేశంలో. డబ్బు పెట్టి, రాబడి అడుగుతూనే, దానివల్ల ఎవరి బతుకు ఎంత బాగుపడిందో కూడా లెక్క అడగడం. ఆ రెండో లెక్క సరిగ్గా చూసినచోట అద్భుతంగా ఉంటుంది బావా. రాజస్థాన్‌లో భీల్వారా జిల్లాలో 2015 నుంచి మూడేళ్ళు ఒక డెవలప్‌మెంట్ ఇంపాక్ట్ బాండ్ నడిచింది. ఎడ్యుకేట్ గర్ల్స్ అనే సంస్థ బడి మానేసిన ఆడపిల్లల్ని బడిలో చేర్పించాలి, పిల్లలకి చదువు రావాలి. ముందు డబ్బు పెట్టింది యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్, 2 లక్షల 70 వేల డాలర్లు. పిల్లలకి చదువు వస్తేనే వాళ్ళకి డబ్బు వెనక్కి, అది ఇచ్చేది సిఫ్ అనే మరో సంస్థ. చదువు వచ్చిందో లేదో తేల్చేది వీళ్ళిద్దరికీ సంబంధం లేని ఐడీఇన్‌సైట్. రెండో ఏడాది ఆఖరికి చదువు లక్ష్యంలో సగమే అయింది. అప్పుడు ఎడ్యుకేట్ గర్ల్స్ వాళ్ళు ఏ పిల్ల వెనకబడిందో, ఎవరు బడికి రావడం లేదో విడివిడిగా చూసి, రాని పిల్లల ఇళ్ళకే వెళ్ళి చదువు చెప్పారు. మూడో ఏడాది తిరిగేసరికి లక్ష్యానికి 160 శాతం. పెట్టినవాళ్ళకి ఏడాదికి 15 శాతం రాబడి. అంత చిన్న మొత్తానికి అంతమంది సలహాదారులా అనిపిస్తుంది, అది నిజమే. కానీ బడికి రాని పిల్ల ఇంటి గుమ్మం దాకా లెక్క వెళ్ళింది చూడు, అదీ నేను చెప్పేది.

సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ గురించి కూడా అడిగావు. అది ఇంకా పసిబిడ్డ. స్వచ్ఛంద సంస్థలు అక్కడ జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ పత్రాలు అమ్ముతాయి, అంటే వడ్డీ రాదు, అసలూ రాదు. విరాళమే, కానీ ఏం చేశారో పద్ధతిగా లెక్క చెప్పాలి. 2023 డిసెంబరులో మొదటిది వచ్చింది, బెంగళూరు ఉన్నతి ఫౌండేషన్‌ది. కనీస మొత్తాన్ని 2 లక్షల నుంచి 10 వేలకి, 2025లో వెయ్యికి దించారు కాబట్టి మనలాంటివాళ్ళకీ అందుబాటులోకి వచ్చింది. నీ ఉద్యోగానికి దీంతో పెద్దగా పని పడదు.

చేరేముందు వాళ్ళని రెండు అడుగు. ఫండ్ ఆయుష్షు ఎంత? మామూలుగా పదేళ్ళు, అందులో అయిదారేళ్ళకే వాటా అమ్మి బయటపడాలి. రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీ నిలదొక్కుకోవడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. మామిడి తోట వేసి బెండ కోత అడిగితే ఎలా? మా జిల్లావాళ్ళకి నేను ఎప్పుడూ ముల్కనూరు రైతుల సహకార సొసైటీ చూపిస్తాను. 1956లో పెట్టింది, సభ్యుల సొంత డబ్బుతో ఇప్పటికీ నడుస్తోంది. దాని పక్కనే ఆడవాళ్ళ స్వకృషి డెయిరీ. బయటపడదామన్న తొందర అక్కడ ఎవరికీ లేదు. రెండోది, మీ బోనస్ దేనిమీద? రాబడి మీదేనా, మేలు జరిగిందన్న లెక్క మీద కూడానా? కొన్ని ఫండ్లు లాభంలో తమ వాటాని దీనికి ముడిపెడుతున్నాయి. నిన్ను పిలిచినవాళ్ళు ఏమంటారో నాకు రాయి.

నెలాఖరు దాకా గడువుందన్నావు కదా. వచ్చే గురువారం రాత్రి హుస్సేన్‌సాగర్ రైలు ఎక్కితే శుక్రవారం మధ్యాహ్నానికి దిగుతావు. శనివారం పొద్దున ఒక ఊళ్ళో మీటింగ్ ఉంది, మనం నాలుగింటికే బయల్దేరాలి. చొక్కా ఏదైనా పర్వాలేదు, నడవడానికి చెప్పులు మాత్రం గట్టివి తెచ్చుకో. నేను మాట్లాడను, అక్కడ నువ్వే అడుగు.

అత్తయ్యకి నా నమస్కారాలు. చెల్లెమ్మకి, పిల్లలకి అడిగానని చెప్పు.

నీ పాత రూమ్మేటు